రాజీవ్ రహదారి మీద కూలీ మనిషి వాటా ఎంత?

2024 మార్చి 7న సికింద్రాబాదు అల్వాల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక శంకుస్థాపన చేశారు. రాజీవ్ రహదారి మొదట్లో, కంటోన్మెంటు ప్రాంతంలో, మోటారు బండ్లు కదలక నిలిచిపోతున్నాయి. అందుచేత అక్కడి నుంచి షామీర్‌పేట దగ్గర ఔటర్ రింగురోడ్డు దాకా సుమారు 18 కిలోమీటర్ల మేర, ఎక్కువ భాగం స్తంభాల మీద, కొత్త దారి కడతారు. రక్షణ శాఖ భూములు అడ్డం ఉన్నాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నారు. పెద్ద పత్రికలు దీని మీద పేజీలు నింపాయి. కారులో పోయేవాడికి అరగంట కలిసివస్తుంది, కాదనలేం.

కాని ఆ 18 కిలోమీటర్లు దాటినాక ఇంకా రెండు వందల కిలోమీటర్లున్నది. దాని పక్కన పొలాలున్నాయి, పొలాల్లో పనిచేసే మనుషులున్నారు. ఈ దారి వాళ్ళకేమిచ్చింది, వాళ్ళ దగ్గర ఏం తీసుకున్నది అనే లెక్క ఏ ప్రారంభోత్సవ సభలోనూ చెప్పరు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

ముందు దారి సంగతి. సికింద్రాబాదులో మొదలై అల్వాల్, హకీంపేట, తూముకుంట, షామీర్‌పేట మీదుగా తుర్కపల్లి పోతుంది. అక్కడ 1999లో జినోమ్ వ్యాలీ అని మందుల, టీకాల కంపెనీల పేట పెట్టారు. ఆ తర్వాత ఒంటిమామిడి కూరగాయల మార్కెట్టు, ములుగు (ఇది సిద్దిపేట జిల్లా ములుగు, సమ్మక్క జాతర ములుగు కాదు), గౌరారం, ప్రజ్ఞాపూర్ - అక్కడి నుంచి పక్కకు గజ్వేలు - కుకునూరుపల్లి, కొండపాక, దుద్దెడ, సిద్దిపేట. సిద్దిపేట దాటితే శనిగరం చెరువు, బెజ్జంకి అడ్డరోడ్డు, గుండ్లపల్లి, రేణికుంట, తిమ్మాపూర్, అలుగునూరు, మానేరు వంతెన, కరీంనగరం. కరీంనగరం నుంచి సుల్తానాబాదు, పెద్దపల్లి, బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని. గోదావరి దాటితే మంచిర్యాల. 2016 అక్టోబరు 11న జిల్లాలు చీల్చినాక ఒకప్పటి నాలుగు జిల్లాల దారి అయిదు జిల్లాల దారి అయింది: మేడ్చల్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల. లెక్కలో ఇది రాష్ట్ర రహదారి ఒకటో నంబరు.

నంబరు ఒకటి ఎందుకయింది? ఈ దారికి రెండు కొనలూ సర్కారుకు ముఖ్యం. ఒక కొన రాజధాని. రెండో కొన బొగ్గు, కరెంటు, సిమెంటు, ఎరువు. మధ్యలో ఉన్నది వడ్లు, పత్తి, మొక్కజొన్న. మధ్యలోవాళ్ళం మనం.

నిజాం కాలం నుంచి

నిజాం సర్కారుకు బొగ్గు మీద ఉన్న ధ్యాస ఊళ్ళ మీద ఉండేది కాదు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం 1920ల ఆఖరుకు పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల దాని మీద పడ్డాయి. కరీంనగరం, సిద్దిపేట పడలేదు. సిద్దిపేట మనిషి రైలు తన ఊళ్ళో చూసింది 2023 అక్టోబరు 3ననే. అంతదాకా ఎవరికి ఏ రోగం వచ్చినా, ఏ కోర్టు పని పడినా, ఎవరు బతుకుతెరువుకు పట్నం పోవాలన్నా ఈ రోడ్డొక్కటే గతి. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో మోటారు సర్వీసు మొదలుపెట్టారు. అదే తర్వాత ఆర్టీసీ అయింది. అయితే ఆ బస్సులో టికెట్టు కొని కూర్చునే పరిస్థితి మన తాతలకు లేదు. వాళ్ళకు రోడ్డంటే వెట్టి. దొర కచ్చడం ముందు పరుగెత్తాలి. అధికారి ఊరికొస్తే సామాను పక్క ఊరి పొలిమేర దాకా మోసి దించాలి. చీటీ ఇస్తే రాత్రి అనక పగలనక తీసుకుపోవాలి. కూలి అడిగేది లేదు.

ఆ వెట్టి ఎవరో దయతలచి తీసేసింది కాదు. కరీంనగరం జిల్లా కమ్యూనిస్టు నాయకుడు అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు 1948 మార్చి 14న హుస్నాబాదు ప్రాంతపు మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. ఈ రోడ్డు మీద శనిగరం దగ్గర నిలబడి అడిగితే ఆ గుట్టల దిక్కు చెయ్యి చూపే ముసలివాళ్ళు మొన్న మొన్నటి దాకా ఉండేవారు.

తర్వాత ముప్పై ఏళ్ళకు మళ్ళీ ఇదే జిల్లాలో, కూలి రేట్ల మీద, పాలేర్ల జీతాల మీద, దొరలు పట్టుకున్న బంజరు భూముల మీద పోరాటాలు లేచాయి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది మంది కూలీలు, పేద రైతులు ఊరేగింపు తీశారు. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించి పోలీసు క్యాంపులు పెట్టారు. నవంబరులో అదే జిల్లాలో రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రానికి ప్రధాని మొరార్జీ దేశాయి పునాదిరాయి వేశారు. మూడు నెలల్లో మూడు సంగతులు. ఈ రోడ్డు మీద సిమెంటు, ఇనుము, యంత్రాలు ఎక్కువగా కదలడం ఆ రోజుల్లోనే మొదలయింది. మానేరు డ్యాము, ఎరువుల కర్మాగారం, కరెంటు కేంద్రం, బసంత్‌నగర్ సిమెంటు, అన్నీ ఆ పదిహేనేళ్ళ లోపల ఈ దారి పక్కన లేచినవే. వాటికింద మునిగిన, పోయిన ఊళ్ళ జనంలో భూమి ఉన్నవాడికి ఎంతో కొంత ముట్టింది. భూమి లేనివాడి పేరు కాగితంలోకే ఎక్కలేదు.

టోలుగేటు ఎట్లా వచ్చింది

1997లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రహదారుల కోసం 35 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మరుసటి ఏడాది, 1998లో, రోడ్ల అభివృద్ధి కార్పొరేషను చట్టం చేశారు. అప్పటి దాకా రోడ్డు వేయడం ఆర్ అండ్ బి శాఖ పని. డబ్బు పన్నుల్లోంచి వచ్చేది. చట్టం మారినాక రోడ్డుకు ప్రయివేటు పెట్టుబడి తేవచ్చు, వాడినవాడి దగ్గర డబ్బు గుంజవచ్చు అనే దారి తెరుచుకుంది. వై.ఎస్. రాజశేఖర రెడ్డి కాలంలో ఈ దారికి రాజీవ్ పేరు పెట్టారు. 2010లో షామీర్‌పేట నుంచి రామగుండం దాకా సుమారు 207 కిలోమీటర్లు నాలుగు వరసలు చేసే పని, కట్టి - నడిపి - చివరకు అప్పగించే పద్ధతిలో, ఒక ప్రయివేటు కంపెనీ చేతికి పోయింది. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు. తెలంగాణ వచ్చినాక కూడా దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ - మూడు చోట్ల గేట్లు నిలబడే ఉన్నాయి.

టోలు కార్లవాళ్ళు కడతారు, మనకేమిటి అని మన కార్యకర్తలే కొందరు అంటుంటారు. అది తొందరపాటు. బస్సు టికెట్టులో టోలు చార్జీ అని విడిగా కలుపుతారు. టికెట్టు చేతిలో పట్టుకుని చూడండి. కూరగాయల డీసీఎం గేటు దాటితే ఆ డబ్బు అమ్మే రైతుకు తగ్గుతుంది, లేకపోతే కొనే మనకు పెరుగుతుంది. యూరియా బస్తా, సిమెంటు బస్తా, బియ్యం బస్తా, అన్నిటి కిరాయిలోనూ అది కూర్చునే ఉంటుంది. కారు లేని మనిషి కూడా టోలు కడుతున్నాడు. రసీదు మాత్రం వేరేవాడి పేరు మీద ఉంటుంది.

అన్నట్టు, యూరియా సంగతి వచ్చింది కాబట్టి: రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూసేశారు, 2021లో కొత్త పేరుతో తెరిచారు. 2025 వానాకాలంలో ఆ కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయిన రోజుల్లోనే రాష్ట్రమంతటా సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి రైతులు కాపలా కాశారు. కర్మాగారం ఒక కొనకు ఉండగా అదే రోడ్డు మీది ఊళ్ళలో ఒక్క బస్తాకు రెండు పూటలు నిలబడ్డారు. పొలం యజమాని లైన్లో నిలబడితే కూలీలకు ఆనాడు పని లేదు. ఈ నష్టం ఏ లెక్కలోకీ రాలేదు.

భూమి పోయినవాడు, పని పోయినవాడు

రోడ్డు వెడల్పు చేసినప్పుడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. తెల్లదొరల చట్టం. దాని కింద పట్టా ఉన్నవాడికి ధర, దాని మీద 30 శాతం అదనం. ఆ చెలకలో ఏటా నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన మనిషికి ఒక్క పైసా లేదు. ఊరి పక్కనుంచి దారి వంపు తిప్పిన ప్రతిచోటా రెండెకరాలో మూడెకరాలో పోయాయి అంటారు. అక్కడ పోయిన పనిదినాలు ఎన్ని అని అడిగినవాడు లేడు.

పోయిన భూమి కన్నా మారిన భూమి ఎక్కువ. రోడ్డు పక్క ఎకరం ధర లక్షల నుంచి కోట్లకు పోయింది. కొన్నవాడు పట్నంలో ఉంటాడు. చుట్టూ కడీలు పాతి, తీగ లాగి, మామిడి మొక్కలు పెట్టి, ఒక కాపలాదారును పెట్టి వెళ్ళిపోతాడు. ఏడాదికి రెండు పంటలు తీసి అరవై డెబ్బై మందికి పని చూపిన మడి ఒక్క కాపలాదారుకు పని చూపిస్తున్నది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఆ తీగ లోపలి భూమికీ డబ్బు పడింది. పక్కన కౌలు చేస్తున్నవాడికి పడలేదు. సాగు చెయ్యని ఎకరానికి సర్కారు డబ్బు ఇచ్చి, సాగుచేసే మనిషిని వదిలేసిన విచిత్రం ఈ దారి పొడవునా చూడవచ్చు.

అసైన్డ్ భూములది మరో కథ. దళితులకు, గిరిజనులకు ఇచ్చిన భూమి అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం చెబుతున్నది. అయినా రోడ్డు వస్తుందని ముందే తెలిసినవాళ్ళు నోటిమాట మీద, స్టాంపు కాగితం మీద కొన్నారు. ఇక సర్కారు తీసుకునేటప్పుడు "అది మేమిచ్చిందే కదా" అని తక్కువ లెక్కగట్టడం అలవాటు. ఇక్కడ మన వాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది: 2004లో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో, అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా ధర కట్టాలని తీర్పు చెప్పింది. చేవెళ్ళ ప్రాంతపు పేదవాళ్ళు కొట్లాడి సంపాదించిన తీర్పు అది. తహసీల్దారు ముందు ఈ పేరు చెప్పండి. మాట తీరు మారుతుంది.

2013లో పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టం చేసింది. 2014 జనవరి 1 నుంచి అమలు. అందులో మూడో సెక్షను మొదటిసారిగా ఒక మాట ఒప్పుకున్నది: భూమి లేకపోయినా, ఆ భూమి మీద మూడేళ్ళుగా పనిచేసి బతికే వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తిదారు కుటుంబం కూడా బాధిత కుటుంబమే. రెండో షెడ్యూలు ప్రకారం ఆ కుటుంబానికి ఉద్యోగం గానీ, ఒక్కసారి 5 లక్షల రూపాయలు గానీ, లేకపోతే నెలకు 2 వేలకు తగ్గకుండా 20 ఏళ్ళు గానీ ఇవ్వాలి. ఊరు వదలవలసి వస్తే ఏడాదిపాటు నెలకు 3 వేలు, సామాను తరలించడానికి 50 వేలు, స్థిరపడడానికి మరో 50 వేలు. ఇవి చట్టంలో అచ్చయిన అంకెలు. ఎవరి దయాధర్మమూ కాదు.

ఈ మాట కాగితం మీద పడ్డదో లేదో, దాన్ని తప్పించుకునే దారులు వెతికారు. 2015 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 123 నంబరు జీవో తెచ్చింది. భూమి యజమాని ఇష్టపడి అమ్మితే సర్కారు కొంటుందట. అమ్మకం కదా, సేకరణ కాదు కదా, కాబట్టి కూలీకి పునరావాసం అక్కర్లేదు! ఇంత తెలివి ఎవరికి తోచిందో గాని, దాని దెబ్బ తగిలింది రాజీవ్ రహదారి పక్కన ఊళ్ళకే.

మల్లన్నసాగర్ జలాశయం 50 టీఎంసీలు. దానికింద పల్లెపహాడ్, వేములఘాట్, ఏటిగడ్డకిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, సింగారం, ఎర్రవల్లి, ఎనిమిది ఊళ్ళు పోయాయి. 2016 జూలై 24న ఆ ఊళ్ళ జనం రాజీవ్ రహదారి మీద రాస్తారోకో చెయ్యాలని బయలుదేరారు. రోడ్డు ఎక్కకముందే పోలీసులు లాఠీలతో కొట్టారు, గాలిలోకి కాల్పులు జరిపారు. ఆడవాళ్ళకూ దెబ్బలు తగిలాయి. రోడ్డు అందరిదీ అంటారు. దాని మీద లారీ గంటలు గంటలు నిలబడవచ్చు. ఊరు పోతున్నవాడు గంటసేపు కూర్చోవడానికి లేదు.

కాని ఆ పోరాటం ఊరికే పోలేదు. 2016 ఆగస్టు 3న హైకోర్టు 123 జీవోను కొట్టివేసింది. ఆ పిటిషను వేసినవాళ్ళు భూస్వాములు కాదు, మోతుబరి రైతులు కాదు. వ్యవసాయ కూలీలు. భూమి అమ్ముడుపోతే మా పని ఏం గావాలె అని అడిగారు. ఆ తర్వాత కొద్ది రోజులకే సర్కారు భూమిలేని కుటుంబాలకు కూడా ఇంత ఇస్తామని వేరే జీవోలు ఇవ్వక తప్పలేదు. ఇక 2017లో రాష్ట్రం తన సవరణ చట్టం తెచ్చి, సామాజిక ప్రభావ అంచనా లేకుండానే భూమి తీసుకునే వీలు చేసుకున్నది. అంటే ఎవరెవరు నష్టపోతున్నారో ఊళ్ళో తిరిగి లెక్క రాసే పనే ఎత్తివేశారు. లెక్క లేకపోతే కూలీ పేరు ఎక్కడ రాస్తారు?

2020 మే 29న కొండపోచమ్మసాగర్, 2022 ఫిబ్రవరి 23న మల్లన్నసాగర్ ప్రారంభించారు. నీళ్ళు రావడాన్ని మనం కాదనం. పొలాలు పారితే మనకూ పని. కాని మునిగిన ఊళ్ళ కూలీలు ఇప్పుడు గజ్వేలు దగ్గర ముత్రాజుపల్లిలో, తునికి బొల్లారంలో కాలనీ ఇళ్ళలో ఉన్నారు. ఇల్లు సిమెంటుది. పొద్దున్నే లేచి పోవడానికి పొలం లేదు. ఊళ్ళో ఉన్నప్పుడు ఎవరి మడిలో ఎప్పుడు నాటు పడుతుందో, ఎవరు ముందు పిలుస్తారో తెలిసేది. ఇక్కడ రాజీవ్ రహదారి పక్కన నిలబడి ఏ డీసీఎం ఆగుతుందా అని చూడాలి.

రోడ్డు మీద వడ్లు

యాసంగి కోతల కాలంలో ఈ దారి మీద, దీని పక్క దారుల మీద, వడ్లు ఆరబోస్తారు. రాత్రిపూట రాళ్ళు అడ్డం పెడతారు. మోటారు సైకిలు వాళ్ళు పడి చచ్చిపోయిన సంఘటనలున్నాయి. పోలీసులు కేసులు పెడతామంటారు. పట్నం పత్రికలు "రైతుల నిర్లక్ష్యం" అని రాస్తాయి. నిర్లక్ష్యం ఎవరిదో చూద్దాం.

చేతి కోత కోసినప్పుడు పంట మడిలోనే ఎండేది. మెద వేసి, కుప్ప వేసి, కల్లంలో కొట్టేవాళ్ళం. హార్వెస్టరు వచ్చినాక పచ్చి గింజ నేరుగా ట్రాలీలో పడుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే కొనరు. ఆ గింజ ఎక్కడ ఎండాలి? కల్లం లేదు. ఊళ్ళో ఖాళీ జాగా ప్లాటయింది. వెడల్పుగా, నల్లగా, వేడిగా ఉన్నది రోడ్డొక్కటే. అందుకే అక్కడ పోస్తారు.

రాష్ట్ర ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో ఆరబోత కల్లాలు కట్టించడం మొదలుపెట్టింది. మంచి పని అని చెప్పవలసిందే. కూలీకి పనిదినాలు, రైతుకు కల్లం, రోడ్డుకు రక్షణ. 2022లో కేంద్రం అడ్డం తిరిగింది. చట్టం ప్రకారం ఇవి చెయ్యవలసిన పనులు కావు, ఖర్చు పెట్టిన 151 కోట్ల రూపాయల పైచిలుకు తిరిగి కట్టండి అన్నది. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య మాటల యుద్ధం జరిగింది, ధర్నాలు జరిగాయి. కల్లాలు ఎక్కడివక్కడ ఆగాయి. వడ్లు మళ్ళీ రోడ్డు మీదికొచ్చాయి. రోడ్డు మీద వడ్లు నేర్పే ఆడకూలీ లారీకి మూరెడు దూరంలో నిలబడి పారతో తిరగేస్తుంది. ఆమెకు ప్రమాదం జరిగితే అది పని చేస్తుండగా జరిగినదని ఏ అధికారి రాయడు, రోడ్డు ప్రమాదమని రాస్తాడు.

ప్రమాదాల మాట వచ్చింది. 2018 మే 26న గజ్వేలు దగ్గర రిమ్మనగూడ వద్ద ఆర్టీసీ బస్సు, లారీ, మరో బండి గుద్దుకుని పది మందికి పైగా చనిపోయారు. అలాంటివి పెద్ద అక్షరాల్లో వస్తాయి. మూలమలుపుల్లో, ఊరి అడ్డరోడ్ల దగ్గర ఒక్కరొక్కరుగా పోయినవాళ్ళు నాలుగు పంక్తుల్లో ఆగిపోతారు. ఊరు ఒక పక్క, పొలాలు మరో పక్క ఉన్నచోట్ల మధ్య దిమ్మ కట్టి, దాటడానికి కిలోమీటరు అవతల సందు పెట్టారు. నెత్తిమీద గడ్డిమోపుతో ఉన్న మనిషిని కిలోమీటరు పోయి తిరిగి రమ్మంటే వస్తుందా? దిమ్మ ఎక్కి దాటుతుంది. కిందనుంచి పోయే దారి కట్టాలని మొదటి నుంచీ అడుగుతున్న ఊళ్ళున్నాయి. దానికి డబ్బు లేదంటారు. రామగుండం బూడిద, కరీంనగరం గ్రానైటు, మానేరు ఇసుక హద్దుకు మించి మోసే లారీలకు మాత్రం రోడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

కూలీల రాకపోకలు

దారి పనిని తెస్తుంది, పనిని తీసుకుపోతుంది కూడా. తెల్లవారుజామున ఒంటిమామిడి మార్కెట్టుకు టమాట, కాకర, బీర పోతాయి. వాటిని తెంపే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. పత్తి ఏరే రోజుల్లో ఒక్కో ఆటోలో పదిహేను మందిని కుక్కుతారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. దీనివల్ల కూలి దొరికే చోటికి పోగలిగినవాళ్ళున్నారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కాని ఎక్స్‌ప్రెస్ ప్రతి అడ్డరోడ్డు దగ్గరా ఆగదు, పల్లెవెలుగు పనివేళకు రాదు. అందుకని ఉచిత బస్సు పోతుంటే చూస్తూ ఆటోకు డబ్బిచ్చి పోతున్నారు. ఉదయం ఆరున్నరకు, సాయంత్రం అయిదున్నరకు పల్లెవెలుగు నడపాలని డిపో మేనేజర్లకు సంతకాలు పెట్టి ఇచ్చిన చోట్ల కొన్ని బస్సులు వేశారు. అడగనిచోట వెయ్యలేదు.

ఇదే దారి మీద మరో కదలిక ఉన్నది. నాట్ల కాలంలో బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాలు నుంచి మగవాళ్ళ ముఠాలు కరీంనగరం, సిద్దిపేట పల్లెలకు వస్తున్నాయి. ఎకరానికి ఇంత అని గుత్తకు తీసుకుని, తాడు పట్టి, వేగంగా నాటి పోతారు. సుల్తానాబాదు రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో కూడా బీహారువాళ్ళే ఎక్కువ. మన ఊళ్ళల్లో "వాళ్ళొచ్చి మా పని గుంజుకున్నరు" అనే మాట వినబడుతున్నది. ఈ మాట ఎవరికి లాభం? నాటుకు మన ఆడవాళ్ళు అడిగిన రేటు ఇవ్వడం ఇష్టంలేని మోతుబరికి లాభం. ఆ బీహారు కూలీ అక్కడ భూమిలేక, కూలిలేక వెయ్యి కిలోమీటర్లు వచ్చాడు. మేస్త్రీ కమీషను పోను వాడి చేతికి ఎంత మిగులుతుందో ఎవరైనా అడిగారా? మన సంఘం వాళ్ళ గుడిసెల దగ్గరికి పోవాలి. రేటు ఒక్కటిగా ఉండాలని ఇద్దరికీ చెప్పాలి. భాష రాదు అనడం సాకు మాత్రమే. బస్తా బరువు ఇద్దరికీ ఒక్కటే.

ఊరు పట్నంలో కలిస్తే

ఈ మధ్య మనవాళ్ళు పెద్దగా పట్టించుకోని విషయం ఒకటున్నది. రోడ్డు వెంబడి పట్నం పాకుతున్న కొద్దీ గ్రామ పంచాయతీలను మునిసిపాలిటీల్లో కలుపుతున్నారు. తూముకుంట మునిసిపాలిటీ అయింది, గజ్వేలు - ప్రజ్ఞాపూర్ అయింది, కరీంనగరం చుట్టూ ఊళ్ళు కార్పొరేషనులో కలిశాయి. కలిసిన మరుక్షణం ఉపాధి హామీ పని పోతుంది. అది గ్రామాల చట్టం కదా! ఊరు పేరు మారింది గాని మనిషి మారలేదు. నిన్నటి దాకా జాబు కార్డు పట్టుకుని చెరువు పూడిక తీసిన మనిషి ఈ రోజు "పట్టణ పౌరుడు." ఇంటి పన్ను పెరిగింది, పని పోయింది.

2025 జనవరి 26న రాష్ట్రం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. భూమి లేనివాడిని ఒక లెక్కలోకి తీసుకోవడం మంచి మొదలే. కాని షరతు ఏమిటి? ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలి. మునిసిపాలిటీలో కలిసిన ఊరి కూలీ ఆ 20 రోజులు ఎక్కడ చెయ్యాలి? ముసలి తల్లి, ఒంటరి మనిషి, పని అడిగినా చూపించని ఊరివాడు, వీళ్ళందరూ బయటే. అదే సమయంలో ఎకరానికి ఏటా 12 వేల లెక్కన రైతు భరోసా భూమిని బట్టి ఇస్తున్నారు. అయిదెకరాల ఆసామికి 60 వేలు, కూలీ కుటుంబానికి మొత్తం కలిపి 12 వేలు, అదీ షరతుల మీద. చిన్న రైతుకు ఇవ్వడం తప్పని మనం అనడంలేదు. తూకం చూడమంటున్నాం.

దానికి తోడు 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో మరో చట్టం ఆమోదించింది. రోజులు 125 అన్నారు. అయితే ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టారు, వ్యవసాయ పనుల కాలంలో ఏటా 60 రోజుల దాకా పనులు ఆపవచ్చన్నారు. పనుల కాలంలో ఆపడమంటే ఆసామి చెప్పిన కూలికి ఒప్పుకోమని చెప్పడమే. దీని మీద విడిగా రాయాలి, ఇక్కడ ఇంతే.

ఇప్పుడు ప్రాంతీయ రింగురోడ్డు వస్తున్నది. ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేలు, భువనగిరి, చౌటుప్పల్ దిక్కుగా పోయి రాజీవ్ రహదారిని గజ్వేలు ప్రాంతంలోనే అడ్డంగా కోస్తుంది. అంటే మల్లన్నసాగర్, కొండపోచమ్మ దెబ్బతిన్న ప్రాంతానికే మళ్ళీ మూడో సేకరణ. భువనగిరి దగ్గర రాయగిరిలో భూమి ఇవ్వమన్న రైతులకు 2023 జూన్‌లో బేడీలు వేసి కోర్టుకు తెచ్చిన సంగతి తెలిసిందే. ఇది జాతీయ రహదారుల చట్టం కింద జరిగే సేకరణ. "ఈ చట్టంలో కూలీలకు ఏమీ లేదు" అని అధికారులు చెబుతారు. అది నిజం కాదు. 2015 నుంచి జాతీయ రహదారుల సేకరణకు కూడా 2013 చట్టపు నష్టపరిహారం, పునరావాసం షెడ్యూళ్ళు వర్తిస్తాయి.

కాబట్టి గజ్వేలు, తూప్రాన్, భువనగిరి దిక్కు మన కార్యకర్తలు ఇప్పటి నుంచే ఒక పని పెట్టుకోవాలి. సర్వే రాళ్ళు పాతిన ప్రతి ఊళ్ళో ఏ పొలంలో ఎవరెవరు మూడేళ్ళుగా పనిచేస్తున్నారో పేర్లు రాయాలి. జాబు కార్డు, మస్టరు కాగితాలు, రేషను కార్డు నకళ్ళు జతచెయ్యాలి. కౌలు నోటిమాటే అయితే పక్క పొలాల ఇద్దరి సాక్ష్యం రాయించాలి. గ్రామసభలో తీర్మానం పెట్టించి, దాని నకలు ఒకటి సేకరణ అధికారికి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే. పేర్ల జాబితాలో ఆడవాళ్ళ పేర్లు విడిగా, వాళ్ళ పేరు మీదనే రాయాలి, ఫలానావాని భార్య అని మాత్రం రాసి వదలవద్దు.